మొక్క నాటిన చేయి, సంతకం పెట్టిన చేయి

జూలై నెలలో ఒక ఆదివారం పొద్దున రామతీర్థం వెళ్ళాను. విజయనగరం నుంచి నెల్లిమర్ల మీదుగా 12 కిలోమీటర్లు. ముందురోజు వాన పడింది. కొండ దిగువన వున్న ఒక బందలో గుర్రపుడెక్క తీయడం, దాని పక్క వాలులో మొక్కలు నాటడం ఆ రోజు కార్యక్రమం. పట్నం నుంచి కాలేజీ పిల్లలు, ఉద్యోగులు, ఒకటి రెండు సేవాసంస్థల వాళ్ళు వచ్చారు. అందరికీ ఒకే రంగు టోపీలు ఇచ్చారు. మేం వెళ్ళేసరికి ఎనిమిదిన్నర అయింది. ఊరి ఆడవాళ్ళు మాత్రం తెల్లారకముందే వంటలు ముగించుకుని ఆరింటికే బందలో దిగారు. మోకాలి లోతు బురదలో నిలబడి గుర్రపుడెక్క లాగి, తట్టల కెత్తుకుని, గట్టు మీద పోస్తున్నారు. వాళ్ళెవరికీ టోపీలు లేవు.

పదకొండింటికి ఫొటోలు తీశారు. తరవాత హాజరు పట్టీ తిరిగింది. పట్నం నుంచి వచ్చిన వాళ్ళు 'స్వచ్ఛంద సేవకులు' అన్న శీర్షిక కింద సంతకాలు పెట్టారు. ఊరి ఆడవాళ్ళ దగ్గరికి ఆ కాగితం రాలేదు. అడిగితే, "వాళ్ళు గ్రామస్తులు కదండీ" అన్నారు. నా పక్కనే చీరకొంగుతో చేతులు తుడుచుకుంటున్న ఒకామెను, "మీరు కూడా స్వచ్ఛందంగానే వచ్చారు కదా అప్పా" అని అడిగాను. ఆమె నవ్వింది. "ఏటి సొచ్చందమమ్మా! సంఘంలో అందరూ రావాలన్నారు, వొచ్చాం. రాపోతే రేపు లోను కాడ మాటొస్తాది" అంది.

ఈ సంచికకు సంపాదకీయం రాయడానికి కూర్చున్నప్పుడు ఆ మాటే గుర్తొచ్చింది. పర్యావరణాన్ని కాపాడుకుందాం, చెరువుల్ని బతికించుకుందాం, మొక్కలు నాటుదాం అన్న పిలుపులు ఇప్పుడు అన్ని వైపుల నుంచీ వినిపిస్తున్నాయి. వాటిని కాదనేవాళ్ళెవరూ లేరు. అయితే ఈ పనిలో ఎవరి శ్రమ వుంది, ఎవరి నిర్ణయం వుంది, ఫలితం ఎవరికి చేరుతోంది, నష్టం ఎవరు మోస్తున్నారు అన్న ప్రశ్నలు అడగగానే వాతావరణం ఇబ్బందిగా మారిపోతుంది. మంచి పనికి అడ్డు తగులుతున్నామన్నట్టు చూస్తారు. హక్కుల గురించి మాట్లాడే పత్రికగా ఆ ఇబ్బందిని మనం భరించక తప్పదు.

రామతీర్థం కొండలు ఎవరూ పట్టించుకోని బీడు కొండలు కావు. గురుభక్తుల కొండ మీద బౌద్ధ ఆరామాల శిథిలాలున్నాయి. 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వకాలు జరిపించాడు. పక్క కొండల గుహల్లో జైన శిల్పాలున్నాయి. 11వ శతాబ్దపు తూర్పు చాళుక్యరాజు విమలాదిత్యుడి కాలం నాటి శాసనం ఒకటి ఇక్కడి గుహలో వుంది. తరవాతి కాలంలో రాముడి గుడి వెలిసి, ఊరు పేరే రామతీర్థమయింది. బౌద్ధులూ, జైనులూ, వైష్ణవులూ ఒకరి తరవాత ఒకరు ఈ కొండల్నే ఎందుకు ఎంచుకున్నారో ఆలోచిస్తే మనకు తట్టే కారణాల్లో నీరు ఒకటి. రాతికొండ మీద పడిన వాన గుంటల్లో నిలిచి, బండల సందుల్లోంచి దిగి, గెడ్డలుగా పారి, దిగువ చెరువుల్నీ బందల్నీ నింపుతుంది. కొండకు పొదలూ చెట్లూ వుంటే ఆ నీరు నెమ్మదిగా దిగుతుంది. లేకపోతే ఒక్కపూటలో మట్టిని కూడా వెంటబెట్టుకుని దిగిపోతుంది. దిగువ చెరువు పూడిపోతుంది. పూడిన చెరువు కింద భూమి బీడు పడితే మొదట పని పోయేది నాట్లు వేసే, కలుపు తీసే ఆడకూలీలకే.

చరిత్ర పుస్తకాల్లో రాజుల పేర్లు, గురువుల పేర్లు వున్నాయి. ఈ కొండ నుంచి పుల్లలు ఏరుకున్న, ఆకులు కోసుకున్న, మేకలు మేపుకున్న, బందలో పూడిక తీసిన మనుషుల పేర్లు ఏ శాసనంలోనూ లేవు. ఆ రోజు హాజరు పట్టీలోనూ లేవు. వెయ్యేళ్ళలో రాత సామగ్రి మారింది గాని పద్ధతి మారలేదు.

2020 డిసెంబరు చివర ఇక్కడి బోడికొండ మీద గుడిలో రాముడి విగ్రహాన్ని ఎవరో ధ్వంసం చేసినప్పుడు రాష్ట్రమంతా రామతీర్థం పేరు మారుమోగింది. నాయకులు వరసపెట్టి వచ్చారు. 2022లో గుడి తిరిగి కట్టి తెరిచారు. అది భక్తుల మనసుకు తగిలిన గాయం, దాన్ని మాన్పాలనుకోవడం సహజం. కాని కొండకు రోజూ తగిలే గాయాలు కూడా వున్నాయి. ఉత్సవం వెళ్ళిన మర్నాడు మెట్ల పక్క పొదల్లో మిగిలే ప్లాస్టిక్, గెడ్డలోకి జారే చెత్త, వేసవిలో కొండవాలున పాకే మంటలు. వీటికి ఏ నాయకుడూ రాడు. పొద్దున్నే చీపురు పట్టుకుని వచ్చేది ఎవరో మనకు తెలుసు.

మళ్ళీ ఏప్రిల్‌లో రామతీర్థం వెళ్ళాను. బందలో సగం వరకు గుర్రపుడెక్క తిరిగి పరచుకుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క విత్తనం బురదలో ఏళ్ళ తరబడి బతికే వుంటుంది. ఊరి మురుగు బందలోకి వస్తున్నంత కాలం దానికి ఎరువు అందుతూనే వుంటుంది. ఒక ఆదివారం లాగేస్తే పోయేది కాదు. వాలులో నాటిన మొక్కల్లో ఎక్కువ భాగం ఎండిపోయాయి. కంచె మాత్రం గట్టిగా నిలబడి వుంది.

ఆ కంచె బయట, రోడ్డు వార మేకలు కాస్తున్న ఒకామె కనిపించింది. భర్త లేడు. అయిదు మేకలే ఆధారం. జూలై దాకా ఆ వాలులోనే మేపుకునేది. కంచె వేశాక రెండు మైళ్ళు అవతలికి తోలుకుపోవలసి వస్తోంది. ఎండిన మొక్కలు చూపించి, "ఇవి ఇలా పోయాయని నీకు కోపంగా లేదా?" అని అడిగాను. "సెట్టు సచ్చిపోతే ఎవరికి సంతోసమమ్మా? అది పుట్టు రాయి. పైన జానెడు మన్నుంది. ఆ పక్క గెడ్డ వార నాటుంటే బతికీవి. నన్నడిగుంటే సెప్పుదును" అంది.

నన్నడిగుంటే సెప్పుదును. ఆమెను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ కార్యక్రమం మీద నివేదిక రాసిన వాళ్ళలో నేనున్నాను. 'మహిళల భాగస్వామ్యం అత్యధికం' అని రాసిన వాక్యం నాదే. బందలో దిగిన తలలు లెక్కపెట్టి దాన్ని భాగస్వామ్యం అన్నాను. సమాజశాస్త్రం చదువుకుని, పాతికేళ్ళుగా స్త్రీల శ్రమ గురించి రాస్తూ, ఆ రోజు హాజరు పట్టీ రాసిన కుర్రాడి కన్నా నేను ఎక్కువ చూడలేకపోయాను. ఆ తప్పు ఒప్పుకోకుండా ఇంకెవర్నీ విమర్శించే అర్హత నాకు లేదనిపించింది.

అసలు 'స్వచ్ఛందం' అనే మాటనే పరిశీలిద్దాం. చేయనని చెప్పగలిగే స్వేచ్ఛ వున్నప్పుడే చేయడం స్వచ్ఛందమవుతుంది. ఆదివారం సెలవు వున్న ఉద్యోగికి ఆ స్వేచ్ఛ వుంది. అప్పు ఇచ్చే సంఘంలో సభ్యురాలిగా వున్న కూలి మనిషికి అది ఎంత వుంది? ఇంకో సంగతి, సేవ చేయాలంటే ముందు ఖాళీ సమయం వుండాలి. 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పనికి దాన్ని చేసే స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. 2024లో మళ్ళీ చేస్తే 289, 88 అయ్యాయి. అయిదేళ్ళలో స్త్రీలకు మిగిలింది పది నిమిషాలు. పురుషుల వాటా పెరగకపోగా ఇంకొంచెం తగ్గింది. పిల్లల్నీ ముసలివాళ్ళనీ చూసుకునే సమయం ఇందులో కలవలేదు. ఇలా రోజుకు దాదాపు అయిదు గంటలు ఉచితంగా పనిచేస్తున్న మనిషి దగ్గరికే వెళ్ళి, ఊరి కోసం ఇంకో నాలుగు గంటలు ఉచితంగా చెయ్యమంటున్నాం.

మన రాష్ట్రంలో ఇది కొత్త కాదు. 1992లో ఉమ్మడి అటవీ యాజమాన్యం పేరుతో వన సంరక్షణ సమితులు వచ్చాయి. 1994 నుంచి ప్రపంచ బ్యాంకు అప్పు వాటికి తోడయింది. ప్రతి ఇంటి నుంచి ఒక పురుషుడు, ఒక స్త్రీ సభ్యులుగా వుండాలన్నారు. ఆ నియమం చిన్నది కాదు, దానికోసం స్త్రీలు, స్త్రీవాదులు పోరాడారు. అయితే చాలా చోట్ల అడవిని మూసిన భారం పుల్లల కోసం ఇంకో మైలు నడవవలసి వచ్చిన ఆడవాళ్ళ మీదే పడింది. ప్రాజెక్టు డబ్బు ఆగిపోయాక చాలా సమితులు పేరుకే మిగిలాయి. 1997 జనవరిలో జన్మభూమి మొదలైనప్పుడు శ్రమదానం అనే మాట ప్రతి ఊరికీ చేరింది. 2000లో నీరు-మీరు వచ్చింది. ఇంకుడు గుంతలు తవ్వడానికి, గట్లు వేయడానికి, సభలకు రావడానికి డ్వాక్రా సంఘాలు సిద్ధంగా వున్న సైన్యంలా కనిపించాయి. పొదుపు కోసం కూడిన స్త్రీలు ప్రభుత్వం తలపెట్టిన ప్రతి పనికీ ఉచిత బలగమయ్యారు. దీనికి 'సాధికారత' అని పేరు పెట్టారు.

దీనికి భిన్నమైన అనుభవం కూడా మనకు వుంది. 2005 ఉపాధి హామీ చట్టం 2006 ఫిబ్రవరిలో మొదలైనప్పుడు మొదటి విడత 200 జిల్లాల్లో విజయనగరం ఒకటి. చెరువు పూడిక, కందకాలు, మొక్కల పెంపకం, గట్ల మరమ్మతు, అంటే మనం పర్యావరణ పునరుద్ధరణ అని పిలుచుకునే పనులే చాలావరకు ఆ పథకంలో జరిగాయి. అదే బురద, అదే తట్ట. తేడా ఏమిటంటే అక్కడ అది పని, దానికి కూలి వుంది, ఆడ మగా తేడా లేని కూలి. పని ఇవ్వకపోతే అడిగే హక్కు వుంది. మన రాష్ట్రంలో ఆ పనిదినాల్లో సగానికి పైగా స్త్రీలవే. కూలి ఆలస్యాలూ, కొలతల తగాదాలూ ఎన్ని వున్నా, ఆ మస్టరులో ఆడమనిషి పేరు ఆమెదిగా వుంది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో వేరే చట్టం చేసింది. పేరు ఏదైనా, చెరువు పని చేసిన చేతికి కూలి హక్కుగా అందుతుందా లేదా అన్నదే మనం అడగవలసిన ప్రశ్న.

సేవకు డబ్బు ముట్టజెబితే దాని పవిత్రత పోతుందని కొందరంటారు. కెన్యాలో వంగారీ మాథాయ్ 1977లో గ్రీన్ బెల్ట్ ఉద్యమం మొదలుపెట్టినప్పుడు, పల్లె స్త్రీలు పెంచి నాటిన మొక్కల్లో బతికిన ప్రతి మొక్కకూ కొద్ది మొత్తం చెల్లించేవారు. నాటిన మొక్కకు కాదు, బతికిన మొక్కకు. ఆ ఒక్క షరతు వల్ల మొక్కను ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో నిర్ణయించే పని కూడా నాటే స్త్రీ చేతికే వచ్చింది. 2004లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చినప్పుడు ఆ ఉద్యమం పవిత్రత పోయిందని ఎవరూ అనలేదు.

స్త్రీలనే ఈ పనికి ఎందుకు పిలుస్తారన్న ప్రశ్నకు సులభమైన జవాబొకటి అందరి నోటా వినిపిస్తుంది. స్త్రీ ప్రకృతికి దగ్గర, ఆమె తల్లి, పెంచడం ఆమె స్వభావం అని. ఉపన్యాసాల్లో ఈ మాట రాగానే చప్పట్లు మోగుతాయి. స్త్రీవాదుల్లోనూ దీని మీద పెద్ద చర్చే జరిగింది. 1988లో వందనా శివ స్త్రీకీ ప్రకృతికీ వున్న అనుబంధాన్ని ముందుకు తెచ్చారు. 1992లో బీనా అగర్వాల్ దానికి భిన్నమైన వాదన చేశారు. ఆమె అన్నదాని సారం ఇది: స్త్రీలకు ప్రకృతితో సంబంధం పుట్టుకతో రాదు, వాళ్ళు చేసే పని నుంచి, వాళ్ళకు లేని ఆస్తి నుంచి వస్తుంది. వర్గాన్ని బట్టి, కులాన్ని బట్టి అది మారుతుంది. రామతీర్థంలో నేను చూసింది ఈ రెండో వాదనే నిజమంటోంది. కొండవాలున మట్టి ఎంత లోతుందో మేకలు కాసే ఆమెకు తెలిసింది ఆమె తల్లి కావడం వల్ల కాదు. సెంటు భూమి లేక, ఆ వాలే ఆధారంగా ఏళ్ళ తరబడి నడవడం వల్ల. అదే ఊళ్ళో పది ఎకరాలున్న ఇంటి ఇల్లాలికి ఆ సంగతి తెలియకపోవచ్చు. ఇద్దరినీ 'స్త్రీలు' అని ఒకే గాటన కట్టి, కమిటీలో రెండో ఆమెను కూర్చోబెట్టి, బందలో మొదటి ఆమెను దింపితే దాన్ని స్త్రీల భాగస్వామ్యం అనలేం.

కమిటీల సంగతి ఏమంత చిన్నది కాదు. గుజరాత్, నేపాల్ అటవీ కమిటీలను అధ్యయనం చేసి బీనా అగర్వాల్ 2010లో వెలువరించిన పుస్తకంలో ఒక ముఖ్యమైన విషయం తేలింది. నిర్ణయాలు తీసుకునే కమిటీలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా స్త్రీలు వున్నప్పుడే వాళ్ళు నోరు విప్పగలుగుతున్నారు. స్త్రీలు ఎక్కువగా వున్న కమిటీల కింద అడవి పరిస్థితి కూడా మెరుగ్గా వుంది. అంటే స్త్రీలకు చోటివ్వడం వాళ్ళ మీద దయ కాదు. అడవికే అది అవసరం.

మన ఉత్తరాంధ్ర నుంచే రెండు ఉదాహరణలు చెప్పుకోవచ్చు. శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురం వుంది. ఏటా గూడబాతులూ, రంగు కొంగలూ ఆ ఊరి చెట్ల మీద గూళ్ళు కట్టుకుని, పిల్లల్ని పెంచుకుని, ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోతాయి. అడవి కాదు, అభయారణ్యం కాదు. ఇళ్ళ మధ్య చింతచెట్లు. ఊరివాళ్ళు వాటిని కొట్టరు, కొట్టనివ్వరు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను విరుచుకుపడి చెట్లు కూలినప్పుడు ఊరు తన వాళ్ళను పోగొట్టుకున్నట్టే బాధపడింది. పక్షులు చూడడానికి వచ్చిన మనం ఆ ఊరి సహనాన్ని మెచ్చుకుంటాం. నెలల తరబడి చెట్టు కింద పడే రెట్టలు, జారిన చేప ముక్కలు, ఆ వాసన, వాటి మధ్య వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, పిల్లల్ని పెంచే చేతుల్ని ఎవరైనా సంరక్షకులు అన్నారా? వన్యప్రాణి సంరక్షణ మీద రాసిన నివేదికల్లో వాకిలి ఊడ్చే పని ఎక్కడుందో నేను వెతుకుతూనే వున్నాను.

రెండోది సోంపేట బీల. సముద్రానికి దగ్గరగా, ఏడాదిలో చాలా భాగం నీరు నిలిచే పల్లపు నేల అది. చేపలు, తుంగ, పశువుల మేత, ఎత్తిపోతల సాగు, వలస పక్షులు, అన్నిటికీ అదే ఆధారం. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం కట్టదలచిన వాళ్ళ కాగితాల్లో అది పనికిరాని భూమి. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. తరవాత ఏడాది ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోనూ కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమాల్లో రైతు, మత్స్యకార కుటుంబాల ఆడవాళ్ళు ముందు నిలబడ్డారు, దెబ్బలు తిన్నారు, కేసుల్లో ఇరుక్కుని కోర్టుల చుట్టూ తిరిగారు.

బీలను కాపాడడం కన్నా పెద్ద ఆవాస పరిరక్షణ ఏముంది? ఒక్క మొక్కయినా నాటకుండా, ఒక నీటి నేలనంతా, దాని మీద బతికే పక్షినీ చేపనూ మనిషినీ వాళ్ళు నిలబెట్టారు. కాని వాళ్ళనెవరూ పర్యావరణ సేవకులని పిలవలేదు. 1974లో రేణీ గ్రామంలో మగవాళ్ళు లేని వేళ గౌరాదేవి, ఆమె తోటి స్త్రీలు చెట్లను అడ్డుకున్న సంగతి మన పిల్లలు పాఠంగా చదువుతున్నారు. సోంపేట ఆడవాళ్ళ సంగతి చదవరు. మొక్క నాటితే ప్రశంసాపత్రం, చిత్తడి నేలను నాశనం చెయ్యొద్దంటే ఎఫ్‌ఐఆర్. అడిగినంత వరకే చేసే సేవ అందరికీ ఇష్టం. ఎదురు అడిగే సేవ ఎవరికీ ఇష్టం లేదు.

1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 51ఎ అధికరణ, అడవుల్నీ చెరువుల్నీ నదుల్నీ కాపాడడం ప్రతి పౌరుడి విధి అంటుంది. ఈ వాక్యం ప్రతి మొక్కల పండుగలోనూ వినిపిస్తుంది. అదే సవరణతో వచ్చిన 48ఎ అధికరణ, పర్యావరణ రక్షణ రాజ్యం బాధ్యత అంటుంది. అది తక్కువగా వినిపిస్తుంది. ఇక హక్కుల మాట మరీ తక్కువ. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులకూ, మూడు తరాలుగా అడవి మీద ఆధారపడిన ఇతరులకూ తమ సామూహిక అడవిని కాపాడుకునే, పునరుద్ధరించుకునే, నిర్వహించుకునే హక్కు ఇచ్చింది. పట్టా భార్యాభర్తలిద్దరి పేరా వుండాలంది. హక్కుల కమిటీలో కనీసం మూడో వంతు స్త్రీలుండాలంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రతి పంచాయతీలోనూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ వుండాలని, ఆవాసాల పరిరక్షణ దాని పనుల్లో ఒకటని చెప్పింది. 2004 నిబంధనల్లో ఆ కమిటీకి నియమించే సభ్యుల్లో మూడో వంతుకు తగ్గకుండా స్త్రీలు వుండాలన్నారు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ గడువు పెట్టి తరిమితే దేశమంతా హడావుడిగా కమిటీలు వెలిశాయి. మీ ఊళ్ళో ఆ కమిటీలో ఎవరున్నారో, వాళ్ళకు ఆ సంగతి తెలుసో లేదో ఒకసారి కనుక్కోండి. చెరువులూ బందలూ ఉమ్మడి భూములూ ఆక్రమించుకున్న వాళ్ళను ఖాళీ చేయించాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో తీర్పిచ్చింది. గ్రామసభలో ఆ తీర్పు ఎత్తడం కూడా పర్యావరణ సేవే. దానికి పార అవసరం లేదు గాని ధైర్యం కావాలి.

ఇదంతా చదివి, అయితే శ్రమదానాలు వద్దంటున్నారా అని అడగవచ్చు. కాదు. విజయనగరంలో కలెక్టరుగా పనిచేసిన హరిజవహర్‌లాల్ చెరువుల శుభ్రతకూ మొక్కల పెంపకానికీ పట్నం జనాన్ని కదిలించినప్పుడు, అప్పటిదాకా చెరువు వైపు చూడని మధ్యతరగతి వాళ్ళు చెరువులోకి దిగారు. అది మంచిదే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను మన జిల్లాల చెట్లను నేలకూల్చిన తరవాత ఎవరూ చెప్పకుండానే మొక్కలు నాటిన వాళ్ళున్నారు. కాలేజీ పిల్లలు బురదలో కాలు పెట్టి, ఆడవాళ్ళు రోజూ చేసే పని బరువు తమ భుజం మీద అనుభవించడం ఏ పాఠం కన్నా మేలు. నేను వద్దంటున్నది సేవను కాదు, సేవ పేరుతో ఒకరి శ్రమను కనిపించకుండా చేయడాన్ని.

కాబట్టి కొన్ని విషయాలు మన సంస్థల ముందు, వలంటీర్లను పిలిచే ప్రతి ఒక్కరి ముందు పెడుతున్నాం.

మొక్క నాటే ముందు ఆ నేల ఇప్పుడు ఎవరికి ఏ విధంగా పనికొస్తోందో అడగాలి. ఖాళీగా కనిపించిన ప్రతి చోటూ ఖాళీ కాదు. అది ఒకరి మేత, ఒకరి పొయ్యి, వెళ్ళడానికి మరుగు లేని చోట ఇంకొకరి మరుగు. గడ్డినేలకు గడ్డే పునరుద్ధరణ. చిత్తడి నేలలో చెట్లు నాటితే అది పచ్చదనం కాదు, ఆవాసాన్ని పాడుచేయడం. చెరువు చుట్టూ సిమెంటు గోడ కట్టి బల్లలు వేస్తే మనకు షికారు చోటు దొరుకుతుంది గాని, లోతు తక్కువ నీళ్ళలో మేత వెతికే కొంగకు చోటు పోతుంది.

అడగడమంటే సర్పంచిని, ఆయన పక్కన నిలబడ్డ నలుగురిని అడగడం కాదు. సర్పంచి ఆవిడే అయినా ఆవిడ భర్తను అడిగి రావడం అసలే కాదు. భూమి లేని స్త్రీలను, మేకలు కాసే వాళ్ళను, దళితవాడ స్త్రీలను వాళ్ళకు వీలైన వేళ, వాళ్ళ వాడకే వెళ్ళి అడగాలి.

శ్రమదానం ఎవరు చేస్తారో వాళ్ళ పేర్లు ఒకే పట్టీలో వుండాలి. రోజు కూలి మీద బతికే వాళ్ళు వస్తే వాళ్ళకు కూలి ఇవ్వాలి. ఇవ్వలేకపోతే వాళ్ళను పిలవకూడదు. జీతం వున్న వాళ్ళు ఉచితంగా చేయడం సేవ. కూలి వాళ్ళతో ఉచితంగా చేయించడం వెట్టి. సంఘం అప్పుతో దీన్ని ముడిపెట్టడం ఎవరు చేసినా తప్పే.

నాటిన రోజు లెక్క కాదు, రెండు వేసవులు దాటిన తరవాతి లెక్క ప్రకటించాలి. జూలైలో ఫొటో తీసిన వాళ్ళే ఏప్రిల్‌లోనూ రావాలి. మధ్యలో నీళ్ళు పోసిన మనిషికి అది పనిగా గుర్తింపు, కూలి వుండాలి. మొక్క పెరిగి కాయ కాస్తే, కొమ్మ ఎండితే, గడ్డి మొలిస్తే దాని మీద హక్కు ఎవరిదో నాటే ముందే గ్రామసభలో రాసుకోవాలి.

ఏప్రిల్‌లో ఆమె మాట విన్న తరవాత నేను, మా మిత్రులు కొందరం ఒక చిన్న పని చేశాం. ఆ కార్యక్రమం నిర్వహించిన వాళ్ళను, మేకల వాళ్ళను, బందలో దిగిన ఆడవాళ్ళను ఒకచోట కూర్చోబెట్టాం. పెద్ద విజయమేమీ కాదు. నిర్వాహకులకు మొదట కోపం వచ్చింది. ఆడవాళ్ళు మొదటి అరగంట మాట్లాడలేదు. చివరికి గెడ్డ వార నేరేడు, కానుగ, మేడి పెట్టాలని, వాలులో ఒక పక్క కంచె విప్పి మేతకు వదలాలని, మురుగు బందలోకి రాకుండా కాలువ మళ్ళించమని పంచాయతీకి అర్జీ పెట్టాలని అనుకున్నారు. అర్జీ రాశాక కింద సంతకాల వంతు వచ్చింది. మేకలు కాసే ఆమె వేలిముద్ర వేయడానికి చేయి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుని, "ముందల ఇందులో ఏటి రాసారో సదివి ఇనిపించండి" అంది.

చదివి వినిపించాం. రెండు చోట్ల దిద్దమంది, దిద్దాం. అప్పుడు వేలిముద్ర వేసింది.

కాలువ ఇంకా మళ్ళలేదు. అర్జీ ఏమయిందో కనుక్కోవడానికి రెండుసార్లు తిరిగాం, మళ్ళీ వెళ్తాం. మీ ప్రాంతాల్లో చెరువుల దగ్గర, కొండల దగ్గర, సముద్రతీరాన ఇలాంటి పనుల్లో స్త్రీలకు ఎదురైన అనుభవాలు, మంచివైనా చేదువైనా, మాకు రాసి పంపండి. వచ్చే సంచికలో ఈ చర్చ కొనసాగిద్దాం.